స్ట్రోకర్ ఇంజను

స్ట్రోకర్ ఇంజను అనగా, పిస్టను సిలిండరులో పైకీ కిందికీ ప్రయాణించే దూరాన్ని (స్ట్రోకు) తయారీదారు నిర్ణయించిన దానికంటే పెంచి పునర్నిర్మించిన అంతర్దహన యంత్రం. అదే బ్లాకులో పొడవైన స్ట్రోకు గల క్రాంకుషాఫ్టును అమర్చి, దానికి సరిపడే కనెక్టింగ్ రాడ్లను, పిస్టన్లను వేర్వేరు ఇంజన్ల నుండి ఏరి కూరుస్తారు. తెలుగునాట మెకానిక్ షెడ్లలో వినిపించే "ఇంజను బోరుకొచ్చింది" అన్న మాట దీనికి సంబంధించినది కాదు. అక్కడ అరిగిన సిలిండరును లేత్ షాపులో కొద్దిగా పెద్దది చేయించి, ఓవర్‌సైజు పిస్టను వేస్తారు. స్ట్రోకు మారదు, సామర్థ్యంలో పెరుగుదల స్వల్పం.

స్ట్రోకు, సామర్థ్యం

భారతదేశంలో బాగా తెలిసిన ఉదాహరణ మారుతీ సుజుకీ కె-శ్రేణి ఇంజన్లు. స్విఫ్ట్, రిట్జ్ కార్లలో వాడిన కె12ఎం ఇంజను బోరు 73 మి.మీ., స్ట్రోకు 71.5 మి.మీ., సామర్థ్యం 1197 సి.సి. 2012లో ఎర్టిగాతో వచ్చిన కె14బి బోరు కూడా 73 మి.మీ.యే. స్ట్రోకు మాత్రం 82 మి.మీ. కావడంతో సామర్థ్యం 1373 సి.సి. అయింది. అనుమసముద్రంపేట దర్గా వంటి యాత్రాస్థలాలకు నిండా మనుషులతో వెళ్ళే బండికి ఈ అదనపు సామర్థ్యం ఉపయోగకరమే. అయితే ఇవి కర్మాగారంలోనే వేర్వేరుగా రూపొందించిన ఇంజన్లు. ఒకదాని క్రాంకును మరొకదానిలో వేసి, పాత రాడ్లు, పాత పిస్టన్లే ఉంచితే, పిస్టను 5.25 మి.మీ. (స్ట్రోకు తేడాలో సగం) అదనంగా పైకి వచ్చి హెడ్డునో వాల్వులనో ఢీకొంటుంది.

కూడిక

క్రాంకు కేంద్రం నుండి బ్లాకు పైతలం వరకు ఉన్న ఎత్తు మారదు. కాబట్టి సగం స్ట్రోకు, రాడ్డు పొడవు, పిస్టను పిన్ను నుండి దాని తల వరకు గల ఎత్తు, ఈ మూడింటి మొత్తం ఆ ఎత్తుకు లోబడి ఉండాలి. భాగాల కలగలుపు అంతా ఈ ఒక్క కూడిక మీదే ఆధారపడుతుంది.

అమెరికాలో ప్రసిద్ధి చెందిన షెవ్రొలె "383" దీనికి చక్కని నిదర్శనం. 350 ఘనపుటంగుళాల (5.7 లీటర్ల) వి8 బ్లాకును 102.4 మి.మీ.కు బోరు చేసి, అందులో 400 ఇంజను క్రాంకును వేస్తారు. స్ట్రోకు 88.4 నుండి 95.25 మి.మీ.కు పెరుగుతుంది. పిస్టన్లను బట్టి రెండు దారులున్నాయి. 400 ఇంజనులోని పొట్టి రాడ్డు (141.35 మి.మీ.) వాడితే 350 తరహా పిన్ను ఎత్తు (39.6 మి.మీ.) సరిపోతుంది. 350 రాడ్డునే (144.8 మి.మీ.) ఉంచితే పిన్ను ఎత్తు 36.2 మి.మీ. గల పిస్టను కావాలి. ఎలా కూడినా మొత్తం 228.6 మి.మీ.; బ్లాకు ఎత్తు 229.2 మి.మీ. మొదటిది చవకైన దారి. కాని రాడ్డు పొట్టిదైన కొద్దీ అది ఎక్కువ వాలుగా తిరిగి, పిస్టనును సిలిండరు గోడకు గట్టిగా అదుముతుంది. అందువల్ల రెండవదే మేలు.

రాడ్డు కూర్చునే జర్నలు 1968 నుండి వచ్చిన 350లోనూ, 400లోనూ ఒకటే (53.3 మి.మీ.) కావడం వల్ల ఇది సులువైంది. మెయిన్ జర్నలు మాత్రం 400లో 67.3 మి.మీ., 350లో 62.2 మి.మీ. కనుక క్రాంకును చెక్కించవలసి ఉంటుంది. పైగా 400 క్రాంకుకు తూకం బయట, ఫ్లైవీలు, డాంపరులపై ఉంటుంది. ఆ సంగతి మరచి 350 ఫ్లైవీలు బిగిస్తే కంపనం బేరింగులను తినేస్తుంది.

ఇతర చిక్కులు

దహనగది అలాగే ఉంచి స్ట్రోకు పెంచితే సంపీడన నిష్పత్తి పెరుగుతుంది. 1197 సి.సి. ఇంజనులో అది 10:1 అనుకుంటే, 1373 సి.సి.కి చేరేసరికి సుమారు 11.3:1 అవుతుంది. అప్పుడు సాధారణ పెట్రోలుతో నాకింగు రావచ్చు. నిమిషానికి 6000 చుట్ల వద్ద పిస్టను సగటు వేగం సెకనుకు 14.3 మీటర్ల నుండి 16.4 మీటర్లకు పెరుగుతుంది. రాడ్డు బోల్టులు బ్లాకు అంచులకు, కామ్‌షాఫ్టుకు తగలడం కూడా మామూలే. అందుకే హెడ్డు మూసే ముందు పిస్టను తలపై మెత్తని బంకమట్టి పెట్టి, క్రాంకును చేత్తో రెండు చుట్లు తిప్పి ఎడం కొలుస్తారు.

చట్టం

1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదు. ఇంజను సామర్థ్యం ఆ పత్రంలో నమోదయ్యే వివరాలలో ఒకటి.