లేసరు నేత్రచికిత్స: అపోహలు – వాస్తవములు

దుబాయి, షార్జా, అబూధాబి నగరములలో ఉద్యోగము చేయుచున్న తెలుగువారిలో, పగలంతయు కంప్యూటరు నెదుట కూర్చుండి, ఆగస్టు నెల ఉక్కలో ఏసీ కారునుండి దిగినంతనే కండ్లద్దములకు ఆవిరి క్రమ్మగా విసుగుచెంది, ‘లేసరు చేయించుకొన్నచో ఈ పీడ విరగడగును గదా’ అని ఒక్కమారైనను తలపనివారు అరుదు. ఆ తలపు తప్పు గాదు. అయితే ఈ చికిత్స మార్చునది నల్లగ్రుడ్డును కప్పియుండు కార్నియా అను పారదర్శకమైన పొరయొక్క వంపును మాత్రమే గాని, కంటి లోపలి భాగములను గాని, మనిషి వయస్సును గాని కాదని గ్రహించినచో, దీనినిగూర్చి వ్యాపించిన అపోహలు చాలవరకు తొలగును.

అపోహ: లేసరు కంటిని కాల్చును, గురి తప్పినచో చూపు పోవును.

వాస్తవము: ఇందు సాధారణముగా వాడబడు ఎక్సైమర్ లేసరు 193 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము గల అతినీలలోహిత కిరణము. మదరాసున జన్మించిన రంగస్వామి శ్రీనివాసన్ 1981లో అమెరికాలోని ఐబీఎం పరిశోధనశాలలో, పండుగ విందులో మిగిలిన టర్కీకోడిపై దీనిని ప్రయోగించి, ఇది కణజాలమును మాడ్చక, అణుబంధములను త్రెంచి పొరపొరగా తొలగించునని సహచరులతో గూడి కనుగొనెను. అది కార్నియాలోనే ఇంకిపోవును గాని రెటీనాను చేరదు. కన్ను కదలినచో యంత్రము దానిని వెంబడించును. మిక్కిలి కదలినచో తానే ఆగిపోవును. మత్తుచుక్కల వలన నొప్పి తెలియకపోయినను, కంటిపై ఒత్తిడియు, క్షణకాలము చూపు మసకబారుటయు, వెండ్రుకలు కాలినట్టి వాసనయు తోచవచ్చును. అంటుదోషము వంటి ఉపద్రవములు అరుదు గాని, బొత్తిగా లేవనుట సత్యము గాదు.

అపోహ: సైటున్న వారందరికిని చేయవచ్చును.

వాస్తవము: కార్నియా మందము సుమారు అర మిల్లీమీటరు మాత్రమే, పవరులో ఒక్కొక్క డయాప్టరుకు రమారమి 12 నుండి 15 మైక్రాన్లు తొలగింపవలసియుండుటచే, పవరు ఎక్కువయై పొర పలుచనైనవారికి ఇది తగదు. పదునెనిమిదేండ్లు నిండనివారును, ఏడాదిగా పవరు నిలకడగా లేనివారును, గర్భిణులును, మధుమేహము అదుపులో లేనివారును ఆగవలెను. అన్నిటికంటె ముఖ్యమైనది కార్నియా పలుచబడి శంకువువలె ముందుకు పొడుచుకొనివచ్చు కెరటోకోనస్ అను వ్యాధి. ఇది ఐరోపాలోకంటె మధ్యప్రాచ్య, దక్షిణాసియా ప్రజలలో హెచ్చు. ఇట్టి కంటికి లాసిక్ అను లేసరు చికిత్స చేసినచో వ్యాధి ముదురును. కావుననే కాంటాక్ట్ లెన్సులను ముందుగా, మెత్తనివైనచో ఒకటి రెండు వారములు, గట్టివైనచో అంతకంటె ఎక్కువకాలము, మానిపించి కార్నియా పటమును తీయుదురు. ‘మీకిది పనికిరాదు’ అని చెప్పిన వైద్యుడు బేరము పోగొట్టుకొన్నను మీ కన్నును కాపాడినవాడే.

అపోహ: క్రొత్త పద్ధతియే ఎల్లరకును శ్రేష్ఠము.

వాస్తవము: లాసిక్‌లో పలుచని మూతవంటి పొరను లేపి లోపల లేసరు ప్రయోగింతురు, పీఆర్‌కేలో కార్నియా పైపొరను తొలగింతురు గావున కొన్నినాళ్లు నొప్పియుండి చూపు మెల్లగా కుదురును, స్మైల్‌లో చిన్నగంటు ద్వారా లోపలి తునకను వెలికితీయుదురు. ఏది తగునో నిర్ణయించునది కార్నియాయే గాని ప్రకటన గాదు.

అపోహ: ఇక జన్మలో కండ్లజోడు అక్కరలేదు.

వాస్తవము: నలువది దాటినవారికి వచ్చు చత్వారము కటకమునకు సంబంధించినది, లేసరు దానిని ఆపలేదు. శుక్లములు రాకమానవు, అప్పటి ఆపరేషనులో లెన్సు పవరు లెక్కకట్టుటకు పాత కొలతలు అవసరమగును గావున ఆ పత్రములను భద్రపరుపవలెను. హ్రస్వదృష్టి ఎక్కువగా గలవారికి రెటీనా ఊడు ప్రమాదము చికిత్స తరువాతను అట్లే యుండును. కార్నియా వంపు మారినను కంటి పొడవు మారదు గదా.

అపోహ: మరునాటినుండియే అంతయు మామూలు.

వాస్తవము: లాసిక్ పిదప పెక్కురకు ఒకటి రెండు దినములలో చూపు స్పష్టమగుట నిజమే గాని, కార్నియా నాడులు కోసివేయబడుటచే కండ్లు కొన్ని నెలలు పొడిబారవచ్చును. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ (ఎఫ్‌డీఏ) జరిపించిన అధ్యయనములలో, పూర్వము ఆ లక్షణము లేనివారిలో 30 శాతము లోపువారికి మూడు నెలలనాటికి అది కనబడెను. దీపములచుట్టు వలయములు మొదలగు దృశ్యలక్షణములు పూర్వము లేనివారిలో 43 నుండి 46 శాతము వరకు అట్టివానిని క్రొత్తగా చూచిరి. అయితే వానివలన నిత్యకృత్యములకు మిక్కిలి కష్టము కలిగినవారు ఒక శాతముకంటె తక్కువ. ఏసీ గాలియు, ఇసుకతుపానులును గల ఎమిరేట్సులో కృత్రిమాశ్రువుల చుక్కలును, చలువకండ్లద్దములును అత్యవసరములు, కండ్లు నలుపుకొనరాదు, ఈతకొలనును, సముద్రస్నానమును వైద్యుడు చెప్పిన వారములు మానవలెను.

అపోహ: సెలవులో హైదరాబాదులో చేయించుకొని వెంటనే విమానమెక్కినచో సరి.

వాస్తవము: విమానయానము కంటిని పగులగొట్టదు, కాని మరునాటి పరీక్ష తప్పనిసరి, ఆపై నెలల పర్యంతము పరీక్షలు కావలెను. చికిత్స పిదప వాడు స్టెరాయిడు చుక్కలు కొందరికి కంటి పీడనమును పెంచును గావున, ముఖ్యముగా పీఆర్‌కే చేయించుకొన్నవారు దానిని కొలిపించుకొనవలెను. 1987లో స్థాపింపబడిన హైదరాబాదు ఎల్‌.వి.ప్రసాద్ నేత్రసంస్థకు పోయినను, 2007లో తెరువబడిన దుబాయి మూర్‌ఫీల్డ్స్ ఆసుపత్రికి పోయినను, తరువాత చూచువారెవరో ముందే నిశ్చయించుకొనుట క్షేమము.

బీమా సాధారణముగా ఈ ఖర్చును భరింపదు గావున రాయితీ ప్రకటనలు మనసును లాగుట సహజము. అయినను ధర నడుగుటకు ముందు ‘నా కార్నియా ఇందుకు తగునా?’ అని అడుగుడు. సమాధానము సందేహాస్పదమైనచో మరియొక వైద్యుని సంప్రదింపుడు. అప్పటికిని సందేహము తీరనిచో, కండ్లజోడును నిశ్చింతగా ధరింపుడు.