స్ట్రెసెమాన్: బేరమాడి దళాలను పంపించిన మంత్రి

గుస్టాఫ్ స్ట్రెసెమాన్ డాక్టరేట్ తీసుకున్నది బెర్లిన్ సీసా బీరు వ్యాపారం మీద. తండ్రిది బీరు వ్యాపారమే మరి! 1907లో జర్మనీ పార్లమెంటుకు ఎన్నికయ్యాడు. మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తున్నప్పుడు పొరుగువాళ్ల భూములు కలుపుకోవాలనీ, జలాంతర్గాములు ఏ ఓడనూ వదలకూడదనీ గట్టిగా వాదించాడు. 1926లో నోబెల్ శాంతి బహుమతి అందుకున్నదీ ఈయనే.

మధ్యలో 1923 ఉంది. యుద్ధ పరిహారం బకాయి పడిందని ఆ జనవరిలో ఫ్రాన్స్, బెల్జియం సేనలు రూర్ బొగ్గు గనుల ప్రాంతంలోకి దిగాయి. కార్మికులు పని మానేశారు. వాళ్లను పోషించడానికి ప్రభుత్వం నోట్లు అచ్చేస్తూ పోయింది. నవంబరుకల్లా ఒక్క డాలరు కొనాలంటే 4.2 లక్షల కోట్ల మార్కులు కావలసివచ్చింది. ఆగస్టు 13న ఛాన్సలర్ అయిన స్ట్రెసెమాన్, సెప్టెంబరు 26న ఆ సహాయ నిరాకరణను ఆపేశాడు. జాతీయవాదులు ద్రోహి అన్నారు. నవంబరులో రెంటెన్‌మార్క్ అనే కొత్త కరెన్సీ చలామణిలోకి వచ్చింది. పాతవి లక్ష కోట్లు ఇస్తే ఇది ఒకటి. అదే నెలలో మ్యూనిక్‌లో హిట్లర్ తిరుగుబాటు చేసి విఫలమయ్యాడు. 23న స్ట్రెసెమాన్ ప్రభుత్వమూ పడిపోయింది.

పదవి పోయినా విదేశాంగ శాఖ మాత్రం ఆయన చేతిలోనే ఉండిపోయింది, చనిపోయేదాకా. ప్రభుత్వాలు మారుతున్నా మంత్రి మారలేదు.

బలమైన సైన్యం లేని దేశానికి మిగిలింది బేరమే అని ఆయన లెక్క. 1924 డాస్ ప్రణాళికతో పరిహారం వాయిదాలు తట్టుకోగలిగే స్థాయికి వచ్చాయి. 1925 అక్టోబరులో స్విట్జర్లాండ్‌లోని లొకార్నోలో అసలు బేరం కుదిరింది. ఫ్రాన్స్, బెల్జియంలతో ఉన్న సరిహద్దును జర్మనీ ఒప్పుకుంది, అంటే ఫ్రాన్స్ చేతికి వెళ్లిన ఆల్సేస్-లొరేన్ మీద ఆశ వదులుకుంది. బ్రిటన్, ఇటలీ హామీ ఉన్నాయి. మరుసటి ఏడాది నానాజాతి సమితిలో జర్మనీకి శాశ్వత స్థానం దక్కింది. ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి బ్రియాండ్‌తో థోయిరీ అనే పల్లెలో భోజనాల దగ్గర, జర్మనీ డబ్బిస్తే ఫ్రాన్స్ తన దళాలను ముందే వెనక్కి తీసుకోవడం గురించి సాగిన మంతనాలు మాత్రం ఎటూ తేలలేదు. ఫ్రాన్స్ ఖజానా కోలుకోవడంతో, వాళ్లకు జర్మన్ డబ్బు అవసరం తగ్గింది.

జర్మనీ పశ్చిమాన ఉన్న రైన్‌లాండ్ నుంచి విదేశీ దళాలు 1935 దాకా కదలనక్కర్లేదని యుద్ధం తర్వాతి వెర్సాయ్ ఒప్పందం. 1929 ఆగస్టులో హేగ్‌లో ఐదేళ్లు ముందే పంపించే ఒప్పందం సాధించాడు. 1930 జూన్ 30 నాటికి వాళ్లు వెళ్లిపోయారు. ఆయన అప్పటికి లేడు. 1929 అక్టోబరు 3న, 51వ ఏట, పక్షవాతంతో పోయాడు.

1932లో ఒక పాత ఉత్తరం అచ్చయింది. 1925లో మాజీ యువరాజుకు రాసినది; పోలండ్ వైపు హద్దులు మార్పించడం తన లక్ష్యాల్లో ఒకటని అందులో ఉంది. శాంతి అంతా నటనేనా అని గొడవ రేగింది. అంత ఆశ్చర్యపడాల్సిందేమీ లేదు. బ్రియాండ్ కూడా తన దేశం లాభం చూసుకునే సంతకం చేశాడు. పైగా స్ట్రెసెమాన్ తూర్పు సంగతి దాచలేదు: లొకార్నోలో పోలండ్‌తో కుదిరింది మధ్యవర్తిత్వ ఒప్పందమే, ఆ సరిహద్దుకు జర్మనీ ఏ హామీ ఇవ్వలేదు.