గోష్పాద రేవుకు వచ్చే సముద్రం

పక్షుల ఫొటోలకు పొద్దున్నే లేవాలంటారు. కొవ్వూరులో నేనైతే సాయంత్రానికే ఓటేస్తాను. ఊరు గోదావరికి పడమటి గట్టున ఉంది కదా, ఉదయం రాజమహేంద్రవరం వైపు నుంచి ఎండ నేరుగా లెన్సులోకి కొడుతుంది. 1997లో పూర్తయిన ఆర్చి వంతెన, దాని 28 విల్లులు, వాటి ముందు నల్లటి రెక్కల నీడలు... అలాంటి చిత్రానికి ఉదయం బాగుంటుంది. ఈక ఈకా కనబడాలంటే మాత్రం నాలుగున్నరకు గోష్పాద క్షేత్రం మెట్ల మీద కూర్చోవాలి. సూర్యుడు మన వీపు వెనకుంటాడు.

సముద్రం ఇక్కడికి అరవై కిలోమీటర్ల పైమాటే. అయినా చలికాలంలో గల్ పక్షులు ఏటి వెంబడి పైకి వస్తాయి. మనవాళ్లు వీటిని సైబీరియా పక్షులనేస్తారు గానీ, వీటిలో ఎక్కువగా కనబడే బ్రౌన్ హెడెడ్ గల్ గూడు కట్టేది టిబెట్, లద్దాఖ్ వైపు ఎత్తయిన సరస్సుల దగ్గర. డిసెంబరులో దాని తల తెల్లగా, చెవి దగ్గర ఒక నల్ల చుక్కతో ఉంటుంది. వేసవి దగ్గరపడే కొద్దీ ఆ తలంతా కాఫీ రంగుకు తిరుగుతుంది. తిరుగు ప్రయాణానికి వేళయిందని ఆ రంగే చెబుతుంది. తెల్ల పక్షితో కెమెరా మోసపోతుంది. వెనక తెల్లటి ఆకాశం ఉంటే పక్షిని మసి చేస్తుంది, చీకటి నీళ్లుంటే తెలుపును కాల్చేస్తుంది. ఎక్స్‌పోజర్ మొదటిదానికి పెంచాలి, రెండోదానికి తగ్గించాలి.

గూడబాతు కావాలంటే భీమవరం, ఆకివీడు మీదుగా కైకలూరు పక్కన ఆటపాక వెళ్లాలి. 1946లో పక్షి శాస్త్రవేత్త కె.కె. నీలకంఠన్ ఈ కొల్లేటి ప్రాంతంలోనే సుమారు మూడు వేల గూడబాతుల స్థావరాన్ని చూశారు. 1975 ప్రాంతానికి అది ఖాళీ అయిపోయింది. ఆ సంగతి తెలిశాక ఆటపాకలో అటవీ శాఖ నిలబెట్టిన ఇనుప స్టాండ్ల మీది గూళ్లను చూస్తే గొంతులో ఏదో అడ్డుపడుతుంది. పిల్ల తన తల మొత్తం తల్లి గొంతుసంచిలోకి దూర్చి చేపలు తింటుంది. ఒక్క పొద్దు ఆ దృశ్యం ముందే గడిపినా తనివి తీరదు. ఎగిరే బొమ్మకు తొందర అక్కర్లేదు. ఎండెక్కి గాలి వేడెక్కాక అవి గుండ్రంగా తిరుగుతూ నింపాదిగా పైకి లేస్తాయి. టర్న్ పక్షి అలా కాదు, షట్టర్ రెండు వేలలో ఒక వంతు సెకనుకు పెట్టినా చేజారిపోతుంది.

ఆ టర్న్‌లు వేసవిలో గోదావరి ఇసుక తిన్నెల మీదే గుడ్లు పెడతాయి. గూడంటూ ఉండదు, ఇసుకలో చిన్న గుంట. కిందటి వేసవి పడవలో వెళ్తూ అడిగాను: "ఇంకాస్త దగ్గరికి పోనియ్యండి బాబాయ్!"

"వద్దండి బాబూ! మనం దిగితే తల్లి లేచిపోద్ది. ఈ ఎండకి గుడ్లు ఉడికిపోతాయండి."

నేను లెన్సుకు మూత పెట్టాను. ఆయన పడవ తిప్పేశాడు.