తల నుంచి తోకకు మూడు మెట్లు



రాత్రి భోజనాలయ్యాక పిల్లలతో పది నిమిషాలు ఆడుకోవడానికి ఒక ఆట చెబుతాం. యాప్ అక్కర్లేదు, ఖర్చు లేదు. చిత్తుకాగితం, పెన్సిలు ఉంటే చాలు. ఆట పేరు పదాల నిచ్చెన. ఇంగ్లిష్‌లో వర్డ్ లాడర్ అంటారు.

ఆట ఇదీ

రెండు మాటలు ఇస్తాం. మొదటి మాటలో ఒక్కోసారి ఒక్క అక్షరమే మారుస్తూ రెండో మాటకు చేరాలి. మధ్యలో వచ్చే ప్రతి మాటకూ అర్థం ఉండాలి. ఉదాహరణకు కరువు నుంచి చెరుకుకు వెళ్లాలి. కరువు, చెరువు, చెరుకు. రెండే మెట్లు! 1855లో బెజవాడ దగ్గర కృష్ణ ఆనకట్ట పూర్తయి కాలువలు పారాక మన డెల్టా కథ కూడా దాదాపు ఇలాగే మారింది.

తెలుగులో ఆడేటప్పుడు ఒక నియమం ముందే అనుకోవాలి. గుణింతం, ఒత్తు, సున్నాతో సహా అంతా కలిపి ఒకే అక్షరం. అంటే ‘బియ్యం’ రెండక్షరాల మాట: బి, య్యం.

ఎక్కడ పుట్టింది?

‘ఆలిస్ ఇన్ వండర్‌ల్యాండ్’ రాసిన లూయీ కరోల్ ఆక్స్‌ఫర్డ్‌లో లెక్కల అధ్యాపకుడు. 1877 క్రిస్మస్ రోజుల్లో, ఏమీ తోచడం లేదన్న ఇద్దరు బాలికల కోసం ఆయన ఈ ఆట కనిపెట్టారు. ‘డబ్లెట్స్’ అని పేరు పెట్టారు. 1879 నుంచి లండన్ పత్రిక ‘వానిటీ ఫెయిర్’ దీన్ని పోటీగా నడిపింది.

హెడ్ నుంచి టెయిల్‌కు వెళ్లడం ఆయన ఇచ్చిన ప్రసిద్ధ ఉదాహరణ: హెడ్, హీల్, టీల్, టెల్, టాల్, టెయిల్. మీ పిల్లల చేత స్పెల్లింగులు రాయించి చూడండి. ఒక్కో మెట్టులో ఒక్క అక్షరమే మారుతుంది. మొత్తం ఐదు మెట్లు.

అదే పని తెలుగులో చేద్దాం: తల, ఈల, ఈక, తోక. మూడే మెట్లు. ‘తల, మూల, మూక, తోక’ అన్నా సరే, ‘తల, కోల, కోక, తోక’ అన్నా సరే. మెట్లు తగ్గడానికి కారణం ఉంది. ఇంగ్లిష్‌లో హల్లు ఒక మెట్టులో, అచ్చు ఇంకో మెట్టులో మారాలి. మన అక్షరంలో ఆ రెండూ కలిసే ఉంటాయి కాబట్టి ఒకేసారి మారిపోతాయి.

చిక్కు విడదీసే పద్ధతి

వరి నుంచి బియ్యానికి వెళ్లాలనుకోండి. ఇలా చేయించండి.

ఒకటి: ‘వరి’ మొదటి అక్షరం మారిస్తే వచ్చే మాటలు రాయాలి. కరి, సరి, దరి, గిరి, విరి.

రెండు: చివరి మాట నుంచి వెనక్కి రావాలి. ‘బియ్యం’ మొదటి అక్షరం మారిస్తే కయ్యం, వియ్యం వస్తాయి.

మూడు: రెండు వరసల్లోనూ ఒకే అక్షరంతో మొదలయ్యే మాటలు వెతకాలి. కరికి కయ్యం, విరికి వియ్యం దొరికాయి.

అంటే ‘వరి, కరి, కయ్యం, బియ్యం’ ఒక దారి. ‘వరి, విరి, వియ్యం, బియ్యం’ ఇంకో దారి. కయ్యానికైనా వియ్యానికైనా సమవుజ్జీ ఉండాలంటారు కదా, ఈ రెండు దారులూ సమవుజ్జీలే. అక్కది ఒక జవాబు, తమ్ముడిది ఇంకో జవాబు అయితే ఇద్దరికీ మార్కులు వేయండి.

ఈ పద్ధతి ఆటతోనే ఆగిపోదు. ప్రతి మాటనూ ఒక బస్టాపు అనుకుని, అతి తక్కువ స్టాపుల దారి వెతకడం కంప్యూటర్ సైన్స్‌లో ‘బ్రెడ్త్ ఫస్ట్ సెర్చ్’ పాఠం. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ డొనాల్డ్ నూత్ 5,757 ఐదక్షరాల ఇంగ్లిష్ మాటలు తీసుకుని చూస్తే, 671 మాటలకు పక్కమెట్టే దొరకలేదు. వాటిని ఆయన ‘అలూఫ్’ అన్నారు, అంటే ఎవరితోనూ కలవనివని. ఆ ‘అలూఫ్’ కూడా ఆ 671లో ఒకటి! అందుకే మీరు కొత్త నిచ్చెన ఇచ్చే ముందు రెండు మాటలకూ పక్కమెట్లు ఉన్నాయో లేదో చూసుకోండి.

ఒక్కో అక్షరం ఆచితూచి వేసే విద్య మనకు కొత్త కాదు. అవధానంలోని నిషేధాక్షరిలో పృచ్ఛకుడు తర్వాతి అక్షరాన్ని నిషేధిస్తూ పోతాడు, అవధాని ఇంకో అక్షరంతో ఇంకో మాట వెతుక్కుంటూ పద్యం నడుపుతాడు. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు బందరు హిందూ హైస్కూల్లో తెలుగు చెప్పారు. విశ్వనాథ సత్యనారాయణ గారు అక్కడ ఆయన శిష్యులే.

పిల్లలు ఎక్కడ ఆగుతారు?

తర్కం దగ్గర కాదు, మాటల దగ్గర ఆగుతారు. పొలంలో ఉన్నది వరి, కళ్లంలో రాశి పోసింది వడ్లు, మిల్లు నుంచి వచ్చింది బియ్యం, కంచంలో ఉన్నది అన్నం. నాలుగింటినీ ‘రైస్’ అనేసే పిల్లలకు నాలుగు మెట్ల చోట ఒక్క మెట్టే మిగులుతుంది. విరి, కోక, జడి లాంటి మాటలు పాఠ్యపుస్తకంలో అరుదుగా కనిపిస్తాయి. ఇంట్లో అమ్మమ్మ, తాతయ్యల నోట్లో ఉంటాయి. ఆ మాటలు ఇంట్లో వినబడకపోతే పిల్లలకు బయట దొరకడం కష్టం. అందుకే ఈ ఆటకు పెద్దవాళ్లను కూడా కూర్చోబెట్టండి. ఊళ్లో ఉంటే ఫోన్ చేయించండి.

పిల్లలు ఆగిపోయినప్పుడు మాట అందించేయకండి, అర్థం చెప్పండి. ‘విడవకుండా కురిసే వానను ఏమంటారు?’ అని అడగండి. రెండు నిమిషాలు ఓపిక పట్టండి. తెలియకపోతే అప్పుడు చెప్పి, ఆ మాటతో ఒక వాక్యం చెప్పించండి. మర్నాడు అదే మాటను వాళ్లే వాడొచ్చు. ఆటకు గడియారం పెట్టకండి, ర్యాంకులు అసలే వద్దు.

ఈ వారం నిచ్చెనలు

సోమవారం: నీరు నుంచి పాలు (మధ్యలో ఒక మాట)
మంగళవారం: పులి నుంచి మేక (ఒక మాట)
బుధవారం: పలక నుంచి కలము (ఒక మాట)
గురువారం: ఇల్లు నుంచి బడి (రెండు మాటలు)
శుక్రవారం: మీ పిల్లలు మీకు ఒక నిచ్చెన ఇవ్వాలి. జవాబు మీరు వెతకాలి.

జవాబులు (పిల్లలు ప్రయత్నించాకే చూడండి): పారు; మేలి; కలక; జల్లు, జడి.