రైసుమిల్లు మీది గరాటు

2020 డిసెంబరులో ఏలూరు పట్టణమున ఆరువందలమందికి పైగా జనులు ఉన్నట్టుండి మూర్ఛలతో కూలిపోయిన దినములలో, రోగుల రక్తమున సీసము, నికెలు ఉన్నవని ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షలు తెలిపినట్లు పత్రికలలో వచ్చిన మరునాడు, నాయొద్ద చదువుకొను పిల్లవాడొకడు లేచి నిలుచుండి, “మాస్టారూ, సీసం గాలిలో కూడా ఉంటుందాండీ?” అని అడిగినాడు. నిపుణుల విచారణ తుదకు క్రిమిసంహారక మందుల అవశేషముల వైపు మొగ్గినది గాని, ఆ బాలుని ప్రశ్న మాత్రము నన్ను విడువలేదు. సమాధానము చూపుటకై నేను వానిని తాడేపల్లిగూడెము దారిలోని ఒక రైసుమిల్లునకు తీసికొనిపోయితిని.

మన సీమలో మిల్లు కప్పు మీద, పైన వెడల్పై క్రిందికి సన్నగిల్లు రేకు గరాటును చూడనివారుండరు. మిల్లువారు దానిని సైక్లోన్ అందురు. 1878 మే 2వ తేదీన అమెరికాలోని మినియాపొలిస్ నగరమున వాష్‌బర్న్ పిండిమర, గాలిలో తేలెడు పిండిధూళి అంటుకొని పేలి 18 మందిని బలిగొనిన పిమ్మట, ధూళిని పట్టు ఉపాయములను పిండిమరల యజమానులు వెదకసాగిరి. 1885లో జాన్ ఫించ్ అను నాతడు ఈ గరాటునకు పేటెంటు పొందినాడు.

దీనిలో కదలెడు భాగమొక్కటియు లేదు, నాకు దానియందు గల మక్కువకు అదియే కారణము. ధూళితో నిండిన గాలి గుండ్రని గోడ నొరసికొనుచు పక్కవాటుగా లోనికి దూరి, గిఱ్ఱున తిరుగుచు క్రిందికి దిగును. తేలికయైన గాలి మలుపు తిరుగగలదు గాని, బరువైన రేణువు తాడు విడిచిన వడిసెల రాయివలె తిన్నగా పోయి గోడను తాకి, జారి అడుగున పడును. క్రింద చోటు చాలని గాలి వెనుకకు మరలి, మొదటి సుడి నడుమ రెండవ సుడియై, మధ్యగొట్టము గుండ పైకెగసి పోవును. రేణువు వ్యాసము పదవవంతైనచో దాని బరువు వెయ్యవవంతగును, దానిని నిలువరించు గాలి పట్టు మాత్రము పదవవంతునకే తగ్గును. కావున గోడవైపు అది సాగు వేగము నూరవవంతగును. ఇంతటి వ్యత్యాసముండుట చేతనే వట్టి రేకు గరాటు జల్లెడ లేకయే జల్లింపగలుగుచున్నది!

వాయుకాలుష్యమును కొలుచు శాస్త్రజ్ఞులు ఈ గరాటునే కురుచచేసి, చిన్న ఇంటికప్పు వంటి మూత గల పెట్టెలో నమర్చి, దానికొక గాలిపంకా తగిలించిరి. నిమిషమునకు 1.1 ఘనమీటర్ల చొప్పున అది దినమునకు 1584 ఘనమీటర్ల గాలిని పీల్చును. మనిషి దినమంతయు పీల్చునది 10, 15 ఘనమీటర్లే గనుక, అది నూరుమంది ఊపిరి. 10 మైక్రాన్లకు మించిన రేణువులు గరాటు క్రింది గిన్నెలో పడును, సన్ననివి గాజుపీచు కాగితమున నిలుచును. సరిగా 10 మైక్రాన్ల రేణువులలో సగము పడిపోయి సగము దాటిపోవును; ఆ సగముపాళ్ల చోటునే హద్దుగా పెట్టుకొనినారు. తలవెండ్రుక మందము సుమారు 70 మైక్రాన్లు.

ఒకనాడు రహదారి పక్కన ఆ కాగితము మార్చువేళ దగ్గర నిలిచి చూచితిని. గిన్నెలో ఉన్నది మనకు చిరపరిచితమైన ఎఱ్ఱమట్టి, ఇసుక. ఉదయము మల్లెపూవువలె తెల్లనైన కాగితము మాత్రము ఎనిమిది గంటలలో దీపపు మసివలె నల్లబడినది. ముక్కుకు గుడ్డ కట్టుకొని మనము భయపడునది ఆ గిన్నెలోని దుమ్మునకు. ఊపిరితిత్తుల లోతునకు చేరునది కాగితము మీది మసి.

ఆ కాగితమును ఆమ్లమున ఉడికించి, ఆ ద్రవమును సీసపు దీపపు కాంతి నెదుట జ్వాలలో చిమ్మినచో, సీసపు పరమాణువులు ఆ కాంతిని తాము గ్రహించి తమ పరిమాణమును తామే చెప్పును. 1952లో ఆలన్ వాల్ష్ మెల్‌బోర్న్‌లోని తన కూరగాయల తోటలో పనిచేయుచు తలపోసిన యుక్తి యిది. ఇక గాలిలోని సీసపు కథ త్వరగా ముగియును. 1921లో థామస్ మిడ్గ్‌లీ పెట్రోలులో కలిపిన సీసము, 2000 ఫిబ్రవరి 1 నుండి మన దేశమున నిలిచినది. కాని కొల్లేటి చేపల లారీలు కలపర్రు టోల్‌గేటు వద్ద బ్రేకు వేసినప్పుడెల్ల రాగి, ఆంటిమొనీ రాలుచున్నవి, టైర్లనుండి జింకు రాలుచున్నది. 2009 నాటి జాతీయ ప్రమాణములు సీసమునకు ఘనమీటరునకు 0.5 మైక్రోగ్రాము, నికెలునకు 20 నానోగ్రాములు, ఆర్సెనిక్‌నకు 6 నానోగ్రాములు అని వార్షిక సగటు హద్దులు విధించినవి. ఆంటిమొనీకి హద్దే లేదు. కాగితమును తూచి బరువు వ్రాసికొనుటతో తృప్తిపడరాదు; దానిలోని లోహములను పేరుపేరున అడుగవలెను.

లోహము కుళ్లిపోవునది కాదు గనుక, ఆనాటి సీసము దారి పక్కల మట్టిలో నేటికిని ఉన్నది, లారీ పోయినప్పుడెల్ల లేచుచున్నది. హైవే ప్రక్కన ఇల్లు గల తల్లులారా, పసిబిడ్డలు పాకెడు గచ్చును పొడిచీపురుతో ఊడ్వకుడు, తడిగుడ్డతో తుడువుడు; అన్నమునకు ముందు వారి చేతులు కడుగుడు.