కాంట్రాక్టరు క్రింద ప్రభుత్వపు పని

జిల్లా ఆసుపత్రిలో వార్డులు శుభ్రపరచువారు, కార్యాలయముల వాకిట కాపలా కాయువారు, కంప్యూటరులో లెక్కలు ఎక్కించువారు, వీరిలో అనేకులు మన గ్రామములనుండి వెళ్ళినవారే. పని ప్రభుత్వముది, జీతమిచ్చునది టెండరు పొందిన కాంట్రాక్టరు. జీతము ఆగినచో కాంట్రాక్టరు బిల్లు రాలేదనును; కార్యాలయమువారు కాంట్రాక్టరునే అడుగుమందురు. నడుమ ఒక కుటుంబము పస్తుండును. వారు వచ్చి మొరపెట్టుకొనునది పంచాయతీ సభ్యులతోనే. కనుక ఈ విషయమున చట్టమేమి చెప్పుచున్నదో మీకు తెలియజేయదలచినాము.

కాంట్రాక్టు కార్మికులకొరకు పార్లమెంటు 1970లో ఒక చట్టము చేసినది. దాని స్థానమున, 2020లో చేసిన వృత్తి భద్రతా కోడ్ 2025 నవంబరు 21 నుండి అమలులోనికి వచ్చినది. 50 మంది లేక అంతకు మించి కాంట్రాక్టు కార్మికులున్న చోట్ల దీని నిబంధనలు వర్తించును. ప్రభుత్వ కార్యాలయములలో కాంట్రాక్టరు ద్వారా పనిచేయువారికిని ఇందు రక్షణ కలదు.

రెండు చట్టములందును మూలసూత్రమొక్కటే. కాంట్రాక్టరు జీతమియ్యనిచో, పని చేయించుకొన్న కార్యాలయమే దానిని చెల్లించి, ఆ సొమ్మును కాంట్రాక్టరునుండి రాబట్టుకొనవలెను. "మాకు సంబంధము లేదు" అనుటకు వీలులేదు.

మరికొన్ని సంగతులు గమనింపదగినవి. నెలజీతము మరుసటి నెల 7వ తేదీలోపల ముట్టవలెను. పని ఇచ్చినందుకు కాంట్రాక్టరు కార్మికునినుండి రుసుముగాని కమీషనుగాని తీసికొనరాదు. ప్రావిడెంటు ఫండులో యజమాని వాటాను కార్మికుని జీతమునుండి కోయరాదు. ఫండువారిచ్చు 12 అంకెల యు.ఎ.ఎన్. సంఖ్య, కాంట్రాక్టరు మారినను మారదు; దానిని భద్రపరచుకొనవలెను.

అయితే ఈ పని ప్రభుత్వోద్యోగము కాదు. కాంట్రాక్టు పద్ధతిని నిషేధించినంతమాత్రమున ఆ కార్మికులు తమంతట తామే ఆ సంస్థ ఉద్యోగులు కాజాలరని 2001లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పినది. కావున, నేడు లక్ష ఇచ్చినచో రేపు పర్మనెంటు చేయించెదమను దళారుల మాట నమ్మి పొలము తాకట్టు పెట్టవలదని మన యువకులకు ముందుగనే చెప్పుడు.

నియామకపత్రము, జీతపు చీటీ, బ్యాంకు పుస్తకము, ఈ మూడును దాచుకొనుమనుడు. జీతమాగినచో ఆ కార్యాలయాధికారికిని, కార్మిక శాఖకును వ్రాతమూలకముగ అర్జీ పెట్టించుడు. నోటిమాటకు సాక్ష్యముండదు.

ఒక్క మాట. పంచాయతీ పనులను కాంట్రాక్టరులచేత చేయించునప్పుడు, బిల్లు మంజూరు చేయుటకు పూర్వము కూలివారికి కూలి ముట్టినదా అని విచారింపుడు. ఇతరులనుండి మనము కోరు న్యాయము మన ఊరినుండియే ఆరంభము కావలెను గదా!