కంకర, గణాలు, కొరత

గేయార్గ్ నేస్ 1968 ప్రాంతంలో కంప్యూటర్ చేత గీయించిన ఒక బొమ్మ పేరు ‘షాటర్’. జర్మన్ భాషలో కంకర అని అర్థం. అడ్డంగా 12, నిలువుగా 22 చదరాలు. పై వరుసలో బుద్ధిగా నిలబడ్డవి కిందికి దిగేకొద్దీ ఒరుగుతాయి, పక్కకు జరుగుతాయి, చివరకు కంకరలా చెదురుతాయి. ఏ చదరం ఎంత ఒరగాలో నేస్ చెప్పలేదు. ఎంతవరకు ఒరగవచ్చునో హద్దు చెప్పి, ఆ హద్దును కిందికి పోనుపోనూ పెంచాడు. హద్దులోపలి అంకెను యాదృచ్ఛికంగా ఏరుకున్నది యంత్రం. జనరేటివ్ ఆర్ట్ అంటున్నది ఇదే: కళాకారుడు బొమ్మ గీయడు, బొమ్మ పుట్టే నియమం రాస్తాడు.

ఛందస్సు చదివినవారికి ఇది మరీ కొత్త సంగతి కాదు. ఆటవెలది మొదటి పాదంలో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. సూర్యగణాలు 2, ఇంద్రగణాలు 6 కనుక ఆ ఒక్క పాదానికే 288 నడకలు సాధ్యం. (పిల్లలకు దీన్ని లెక్కల మాస్టారు చెబితే ఇంకా బాగా పడుతుంది!) అయితే ఆ 288లో ఏదీ ఇంకా పద్యం కాదు; గణం మాట కోసం ఎదురుచూస్తుంది. నేస్ బొమ్మలో అలా ఎదురుచూసేది ఏమీ లేదు. అమరికే వస్తువు. అందుచేత దీన్ని ఒట్టి రూపవాదమని తోసివేసే మిత్రులున్నారు. నేను ఒప్పుకోను. క్రమం పైనుంచి కిందికి చెదరాలన్నది యంత్రం చేసిన నిర్ణయం కాదు, మనిషి చేసినది. బొమ్మకు అర్థం అక్కడినుంచే వచ్చింది.

అసలు చిక్కు మార్కెట్టుతో. 1965లో స్టుట్‌గార్ట్‌లో ఇటువంటి బొమ్మలు ప్రదర్శించిన తొలివారిలో ఒకడైన గణితజ్ఞుడు ఫ్రీడర్ నాకె, 1971లో కంప్యూటర్ కళ ఉండకూడదని వ్యాసమే రాశాడు. కళావ్యాపారానికి మరో కొత్త ఫ్యాషన్‌ను అందించడానికి కంప్యూటర్ అక్కరలేదన్నది అతని వాదం. 2001లో కేసీ రీస్, బెన్ ఫ్రై మొదలుపెట్టిన ‘ప్రాసెసింగ్’ ఉచితం. విద్యార్థి ఎవరైనా నేర్చుకుని బొమ్మ గీయించవచ్చు. కాని అదే కళ 2021లో ఇంకో దారీ పట్టింది. టైలర్ హాబ్స్ ‘ఫిడెంజా’లో కొనేవాడు ముందు డబ్బు కడతాడు, ఆ లావాదేవీలో పుట్టిన సంఖ్యను బట్టి తర్వాత తెరమీద బొమ్మ తయారవుతుంది. వాటిలో ఒకటి ఆ ఆగస్టులో 1000 ఈథర్లకు, అంటే అప్పటి విలువలో 30 లక్షల డాలర్లకు పైగా, అమ్ముడైంది. ఆ నియమం లక్ష బొమ్మలైనా పుట్టించగలదు. 999 దగ్గర ఆపారు. ఆ అంకె రంగుకో రేఖకో చెందినది కాదు.